ఇనుము అంత బరువు కదా, శబ్దం అందులో అంత వేగంగా ఎలా పోతుంది?

మీరు అడిగినవి నాలుగు ప్రశ్నలు. యానకంలోని (అంటే తరంగం దేనిలోంచి పోతోందో ఆ పదార్థంలోని) కణాలు ముందుకు పోవంటారు, మరి పోయేదేమిటి? తాడును గట్టిగా ఊపితే తరంగం త్వరగా చేరుతుందా? బరువైన యానకంలో తరంగం నెమ్మదించాలి కదా, గాలికంటే వేల రెట్లు సాంద్రత ఉన్న ఉక్కులో శబ్దం పదిహేను రెట్లు వేగంగా ఎందుకు పోతుంది? చివరగా, ఉక్కులో శబ్దవేగం సెకనుకు 5,050 మీటర్లని ఒక పుస్తకం, 5,900 అని ఇంకో పుస్తకం చెబుతున్నాయి, ఏది నమ్మాలి?

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. మొదటి మూడూ ఏటా ఏదో ఒక బెంచీ నుంచి వచ్చే ప్రశ్నలే. నాలుగోది మాత్రం రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చదివేవాళ్లకే వస్తుంది. దానికి జవాబు చివర్లో చెబుతాను, ఎందుకంటే మిగతావి కుదురుకుంటేనే అది అర్థమవుతుంది.

పోయేదేమిటో ముందు చూద్దాం. కాజీపేటలోనో విజయవాడలోనో రైల్వే యార్డు పక్కన ఒక్కసారైనా నిలబడి ఉంటారు. ఆగి ఉన్న గూడ్సుకు ఇంజను వచ్చి తగులుతుంది. మొదటి వ్యాగను కాస్త కదిలి రెండోదాన్ని నెడుతుంది, రెండోది మూడోదాన్ని. ధన్ ధన్ మంటూ ఆ చప్పుడు గార్డు పెట్టె దాకా పరిగెడుతుంది. ఏ వ్యాగనూ జానెడు మించి కదల్లేదు. ఇంజను పక్కనున్న వ్యాగను గార్డు దగ్గరికి పోలేదు. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. పోయింది తోపు. ఆ తోపుతో పాటు ఇంజను ఇచ్చిన శక్తి పోయింది.

ఇప్పుడు అదే గూడ్సులో వ్యాగన్ల నిండా బొగ్గు ఉందనుకోండి. ప్రతి వ్యాగనూ కదలడానికి మొరాయిస్తుంది, తోపు నెమ్మదిగా ముందుకు పోతుంది. బొగ్గు దింపేసి, మధ్యలో ఉన్న స్ప్రింగులు ఇంకా బిరుసువి వేశారనుకోండి. కొంచెం నొక్కుకుపోగానే స్ప్రింగు గట్టిగా తిరగబడుతుంది, పక్క వ్యాగనుకు తోపు చటుక్కున అందుతుంది. కథంతా ఈ రెండింటి మధ్యే ఉంది. కదలడానికి మొరాయించడం జడత్వం, వంచితేనో నొక్కితేనో తిరగబడటం స్థితిస్థాపకత. మొదటిది ఎక్కువైతే తరంగం నెమ్మదిస్తుంది, రెండోది ఎక్కువైతే పరుగు పెంచుతుంది. తాడు, గాలి, ఉక్కు, నేల, యానకం ఏదైనా సూత్రం ఒకే అచ్చులో ఉంటుంది: తిరగబడే గుణానికి ఉన్న అంకెను జడత్వానికి ఉన్న అంకెతో భాగించి వర్గమూలం తీస్తే తరంగ వేగం. తాడుకైతే పైన తన్యత (బిగువు), కింద మీటరు తాడు ద్రవ్యరాశి. వాయువుకు, ద్రవానికి పైన ఆయత స్థితిస్థాపక గుణకం (అన్ని వైపులనుంచీ నొక్కితే ఎంత తిరగబడుతుందో చెప్పే అంకె), కింద సాంద్రత. సన్నని లోహపు కడ్డీకి పైన యంగ్ గుణకం (పొడవునా లాగితేనో నొక్కితేనో ఎంత తిరగబడుతుందో చెప్పే అంకె). పరీక్ష కోసం వీటిని వేర్వేరు సూత్రాలుగా బట్టీ పట్టించడం నాకెప్పుడూ నచ్చేది కాదు. ఉన్నది ఒకటే సూత్రం, మారేది తిరగబడే కారణం.

గాలి విషయంలో 'కణం' అన్న మాట దగ్గర చాలామంది జారిపడతారు, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగాలి. పుస్తకంలో "యానక కణాలు తమ మాధ్యమిక స్థానానికి అటూ ఇటూ కంపిస్తాయి" అని ఉంటుంది. చదివినవాడు కణం అంటే అణువు అనుకుంటాడు. కానీ గాలిలో అణువు ఒకచోట ఎక్కడ కూర్చుంది? మామూలు గది ఉష్ణోగ్రతలో నత్రజని అణువు సెకనుకు 450 నుంచి 500 మీటర్ల వేగంతో ఎటుపడితే అటు పరిగెడుతుంది. మిల్లీమీటరులో పదిహేను వేలవ వంతు పోయేసరికి ఇంకో అణువుకు గుద్దుకుని దారి మారుతుంది. శబ్దం ఉన్నా లేకపోయినా ఈ గోల నడుస్తూనే ఉంటుంది. ఇక్కడ 'కణం' అంటే అలాంటి కోట్ల అణువులున్న చిన్న గాలి ముక్క అని అర్థం చేసుకోండి. అటూ ఇటూ ఊగేది ఆ ముక్క సగటు స్థానం.

అది ఎంత ఊగుతుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మనం ఎదురెదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకునేటప్పుడు గాలి పీడనంలో వచ్చే మార్పు సుమారు 0.02 పాస్కళ్లు. వాతావరణ పీడనం లక్ష పాస్కళ్ల పైచిలుకు, అంటే మార్పు దాదాపు 50 లక్షల్లో ఒక వంతు. 1,000 హెర్ట్జ్ (సెకనుకు వెయ్యి ఊపుల) స్వరానికి లెక్క వేస్తే, గాలి ముక్క ఊగే దూరం మిల్లీమీటరులో లక్షవ వంతు. అణువు రెండు గుద్దుళ్ల మధ్య పోయే దూరం కంటే కూడా అది తక్కువ! ఊగే వేగమైనా ఎంత? సెకనుకు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. తరంగం మాత్రం అదే సెకనులో 343 మీటర్లు పోతోంది. మీ మాట అవతలివాళ్ల చెవికి చేరిందంటే మీ నోటి దగ్గరి గాలి అక్కడికి వెళ్లిందని కాదు. ఊపిరి వాసన రాకుండానే మాట వినబడుతుంది కదా.

తరంగ వేగమూ కణం ఊగే వేగమూ పూర్తిగా వేరు. సగం లెక్కలు తప్పేది ఈ రెండూ కలగలిసే చోటే.

నీళ్ల అలలకు ఇక్కడో మినహాయింపు చెప్పాలి, లేకపోతే విశాఖ బీచ్‌లో నిలబడి "నీళ్లు ముందుకు రావు అన్నారే, నా ప్యాంటు ఎందుకు తడిసింది" అంటారు. లోతు నీటిలో అల కింద ఉన్న నీరు గుండ్రంగా తిరిగి దాదాపు మొదలైన చోటికే వస్తుంది. పైన తేలే కొబ్బరికాయ కూడా ఒక్కో అలకు ఎక్కి దిగుతూ, అల నడిచే దిక్కుకు బహు నెమ్మదిగా మాత్రమే జరుగుతుంది. ఒడ్డు దగ్గర లోతు చాలక అల విరిగినప్పుడు లెక్క మారుతుంది. ఆ నురగ నీరు నిజంగానే ముందుకు వచ్చిన నీరు. అల విరిగాక దాన్ని మన సూత్రంలోని తరంగంగా చూడకూడదు.

ఇక గట్టిగా ఊపడం. ఒక తాడు తీసుకోండి, పది మీటర్ల పొడవు, కిలో బరువు. ఒక చివర కిటికీ చువ్వకు కట్టి, రెండో చివర 40 న్యూటన్ల బలంతో లాగి పట్టుకోండి. మధ్యలో ఒక ఎర్ర గుడ్డపీలిక ముడివేయండి. చేతిని ఒక్కసారి పైకి ఎత్తి దించండి. మీటరు తాడు బరువు 0.1 కిలో, 40ని 0.1తో భాగిస్తే 400, వర్గమూలం 20. తాడు మీద లేచిన మూపు సెకనుకు 20 మీటర్లు పోతుంది, అర సెకనులో కిటికీకి చేరుతుంది. పీలిక పైకి లేచి కిందికి దిగింది, పక్కకు జరగలేదు. ఇప్పుడు అదే బిగువుతో చేతిని రెండింతలు ఎత్తి ఊపండి. మూపు ఎత్తు రెండింతలైంది, పీలిక రెండింతలు లేచింది, చేరడానికి పట్టింది మాత్రం అదే అర సెకను. చకచకా వరుసగా ఊపండి, మూపులు దగ్గర దగ్గరగా వస్తాయి, వేగం అదే. వేగం మారాలంటే తాడును ఇంకా బిగించాలి. నాలుగింతలు బిగిస్తే, 160 న్యూటన్లకు, వేగం రెండింతలై 40 అవుతుంది. వీణ బిరడ తిప్పేవాళ్లు చేసేది ఇదే. తీగ పొడవు మారలేదు, తన్యత పెరిగింది, తరంగం తీగ మీద త్వరగా అటూ ఇటూ తిరిగి శ్రుతి పెరిగింది. అనుమంద్రం తీగను చుట్టు వేసి లావు చేసేది రెండో వైపు నుంచి, జడత్వం పెంచి శ్రుతి దించడానికి.

"వేగం = పౌనఃపున్యం × తరంగదైర్ఘ్యం" అన్న సూత్రం చూసి (పౌనఃపున్యం అంటే సెకనుకు ఎన్ని ఊపులో, తరంగదైర్ఘ్యం అంటే ఒక మూపు నుంచి పక్క మూపుకు ఎంత దూరమో), పౌనఃపున్యం పెంచితే వేగం పెరుగుతుందని రాసేవాళ్లు తరగతికి పదిమంది ఉంటారు. ఆ సూత్రం కారణం చెప్పదు, లెక్క సరిపెడుతుంది అంతే. పౌనఃపున్యాన్ని నిర్ణయించేది ఊపే చెయ్యి. వేగాన్ని నిర్ణయించేది యానకం. ఈ రెండూ తేలాక తరంగదైర్ఘ్యానికి సొంత ఇష్టం ఏమీ మిగలదు, మిగిలిందే అది తీసుకుంటుంది. గాలిలో 500 హెర్ట్జ్ స్వరం తరంగదైర్ఘ్యం సుమారు 69 సెంటీమీటర్లు, 1,000 హెర్ట్జ్‌కు అందులో సగం.

ఇది నిజమేనా అని పరీక్షించాలంటే ప్రయోగశాల అక్కర్లేదు. రెండు వీధుల అవతల పెళ్లి ఊరేగింపు పోతుంటే వినండి. నాదస్వరం శ్రుతి ఎక్కువ, డోలు శ్రుతి తక్కువ. పౌనఃపున్యాన్ని బట్టి వేగం మారేదైతే నాదస్వరం ముందొచ్చి డోలు వెనకబడి, తాళం చెదిరిపోయి ఉండేది. దూరం పెరిగేకొద్దీ ఇంకా చెదిరేది. అలా జరగదు. రెండూ ఆలస్యంగానే వస్తాయి, కానీ ఒకే ఆలస్యంతో వస్తాయి.

మరి శబ్దం మరీ పెద్దదైతే? 1883 ఆగస్టులో ఇండోనేషియాలో క్రాకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు ఆ మోత హిందూ మహాసముద్రంలో దాదాపు 4,800 కిలోమీటర్ల దూరాన ఉన్న రోడ్రిగ్స్ దీవిలో వినబడింది. అక్కడివాళ్లు ఎక్కడో ఫిరంగులు పేలుతున్నాయనుకున్నారు. చేరడానికి పట్టిన సమయం దాదాపు నాలుగు గంటలు. భాగించి చూడండి, సెకనుకు 330 మీటర్ల చిల్లర. మనుషులు విన్న మోతల్లో దీనికి మించింది చెప్పడం కష్టం, అది కూడా మీ చప్పట్ల వేగంతోనే వెళ్లింది. పేలుడు పక్కనే ఉన్న కొద్ది దూరంలో మాత్రం పీడనం వాతావరణ పీడనంతో పోల్చదగ్గంత ఎగిసిపడి, ఆఘాత తరంగం మామూలు శబ్దం కంటే వేగంగా పోతుంది. తర్వాత బలం తగ్గి ఈ వేగానికే దిగుతుంది. ఇంటర్ స్థాయిలో ఆ కొద్ది దూరాన్ని మీరు పట్టించుకోనక్కర్లేదు.

గాలిలో వేగాన్ని నిజంగా మార్చేది ఉష్ణోగ్రత. సున్నా డిగ్రీల దగ్గర 331, ఒక్కో డిగ్రీకి సుమారు 0.6 పెరుగుతూ, 20 దగ్గర 343, మన మే నెల 40 డిగ్రీల మధ్యాహ్నం 355. పీడనం పెంచితే మారదు, ఎందుకంటే ఉష్ణోగ్రత అదే అయితే పీడనం ఎన్ని రెట్లు పెరిగితే సాంద్రతా అన్ని రెట్లు పెరిగి పైదీ కిందిదీ కొట్టుకుపోతాయి. తేమ ఉన్న గాలి కాస్త తేలిక, కాబట్టి అందులో కాస్త ఎక్కువ.

మూడో ప్రశ్నకు వద్దాం. "బరువైనదైతే నెమ్మది" అన్న మీ అనుమానంలో సగం నిజముంది. హైడ్రోజన్ తీసుకోండి. ఒకే పీడనం, ఒకే ఉష్ణోగ్రత దగ్గర హైడ్రోజన్‌కూ గాలికీ నొక్కితే తిరగబడే గుణం దాదాపు సమానం. సాంద్రత మాత్రం గాలిలో పద్నాలుగో వంతు. అందుకే శబ్దం అందులో పావు తక్కువ నాలుగు రెట్ల వేగంతో, సెకనుకు 1,250 మీటర్లు దాటి పోతుంది. తిరగబడే గుణం మారకుండా బరువు ఒక్కటే మారితే మీ తర్కం అక్షరాలా పనిచేస్తుంది. ఉక్కులో రెండూ మారతాయి, మీరు ఒకదాన్నే చూశారు.

లెక్క పెడదాం. ఉక్కు ఘనపు మీటరు 7,850 కిలోలు, సున్నా డిగ్రీల గాలి 1.29 కిలోలు. ఉక్కు ఆరు వేల రెట్లు బరువు. ఇక బిరుసు. గాలి గుణకం సుమారు 1,42,000 పాస్కళ్లు. ఉక్కు యంగ్ గుణకం సుమారు 20,000 కోట్ల పాస్కళ్లు. అంటే ఉక్కు పద్నాలుగు లక్షల రెట్లు బిరుసు. పద్నాలుగు లక్షలను ఆరు వేలతో భాగిస్తే 230 చిల్లర, వర్గమూలం 15 చిల్లర. 331ని దానితో గుణిస్తే 5,000 దాటుతుంది. మీ పుస్తకంలోని 5,050 వచ్చేసింది. బరువు వెనక్కి లాగింది, కానీ బిరుసు అంతకు మించి ముందుకు తోసింది. నీళ్లకు మీరే వేసుకోండి, గుణకం 220 కోట్ల పాస్కళ్లు, సాంద్రత 1,000. సెకనుకు 1,480 దగ్గర తేలాలి. 1826లో జెనీవా సరస్సులో కొలాడన్, స్టుర్మ్ అనే ఇద్దరు దీన్ని నేరుగా కొలిచారు. ఒక పడవ నుంచి నీళ్లలో గంట కొట్టి, అదే క్షణాన మందుగుండు వెలిగించారు. సుమారు 13 కిలోమీటర్ల అవతల ఉన్న పడవలోని మనిషి వెలుగు చూసి, నీళ్లలో దించిన గొట్టానికి చెవి పెట్టి గంట కోసం ఎదురుచూశాడు. 8 డిగ్రీల నీటిలో వాళ్లకు వచ్చింది 1,435. చల్లని నీటిలో వేగం కొంచెం తక్కువే, కాబట్టి తేడా చూసి కంగారు పడొద్దు.

ఇనుముకు ఇంతకంటే అందమైన ప్రయోగం ఉంది. 1808లో జాన్ బాప్టిస్ట్ బియో పారిస్‌లో నీటి సరఫరాకు వేసిన పోత ఇనుప గొట్టాల వరుసను వాడుకున్నాడు. పొడవు దాదాపు 950 మీటర్లు. ఒక చివర కొడితే రెండో చివర ఒక దెబ్బకు రెండు చప్పుళ్లు వినబడ్డాయి. మొదటిది గొట్టపు గోడలోంచి వచ్చింది, రెండోది గొట్టం లోపలి గాలిలోంచి. మధ్య ఎడం రెండున్నర సెకన్లు. గాలిలో 950 మీటర్లకు సుమారు 2.8 సెకన్లు పడుతుంది కాబట్టి, ఇనుములో పట్టింది 0.3 సెకన్లే. గాలిలో కంటే ఇనుములో వేగం పది రెట్లు దాటిందని బియో లెక్క కట్టాడు. పోత ఇనుము ఉక్కంత బిరుసు కాదు, అందుకే పదిహేను రెట్లు రాలేదు. ఒకే దెబ్బ, ఒకే దూరం, రెండు యానకాలు. వేగం దెబ్బది కాదు, దారిది అని చూపడానికి ఇంతకు మించి ఏం కావాలి? (దీన్ని రైలు పట్టాకు చెవి ఆనించి పరీక్షించే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. ఏ పొడవాటి నీళ్ల పైపో, మేడ మెట్ల ఇనుప రెయిలింగో సరిపోతుంది. తక్కువ పొడవులో రెండు చప్పుళ్లు విడిగా తెలియవు గానీ, లోహంలోంచి వచ్చేది ఎంత స్పష్టంగా ఉంటుందో తెలుస్తుంది.)

గాలి గుణకం 1,42,000 అని రాశాను. వాతావరణ పీడనం 1,01,325 కదా, ఈ ఎక్కువ ఎక్కడిదని అడగాలి మీరు. అక్కడే న్యూటన్ తడబడ్డాడు. 1687లో వేసిన ఆయన లెక్క ప్రకారం వాయువు గుణకం దాని పీడనమే. 1,01,325ని 1.29తో భాగించి వర్గమూలం తీస్తే 280 వస్తుంది. అసలు వేగం 331. యాభై మీటర్ల లోటు. ఆ లెక్క ఉన్న పుస్తకం 1713 నాటి ప్రతిలో న్యూటన్ దీనికి అతుకులు వేశాడు. గాలి రేణువులు గట్టివి, వాటి లోపలినుంచి శబ్దం క్షణంలో దాటుతుంది, గాలిలో ఆవిరి కలిసి ఉంటుంది అంటూ. అంతటివాడు కూడా లెక్క కుదరనప్పుడు ఇలా సర్దుబాటు చేశాడంటే నా విద్యార్థులకు భలే సరదాగా ఉండేది. అసలు కారణం 1816లో లాప్లాస్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త చెప్పాడు. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, సైకిలు పంపు అడుగు పట్టుకుంటే తెలుస్తుంది. వేడెక్కిన గాలి ఇంకా గట్టిగా తిరగబడుతుంది. ఆ వేడి పక్కకు పోయే వీలుంటే న్యూటన్ లెక్క సరిపోయేది. పోదు కాబట్టి గుణకాన్ని 1.4తో గుణించాలి. 1.4 వర్గమూలం 1.18, దానితో 280ని గుణిస్తే 331. లోటు తీరిపోయింది.

వేడి ఎందుకు పోదు అన్నదానికి "మార్పులు చాలా వేగంగా జరుగుతాయి కాబట్టి" అని పుస్తకాల్లో రాసేస్తారు. అది సగం మాటే. 500 హెర్ట్జ్ శబ్దంలో నొక్కుడుపడ్డ చోటుకూ పలచబడ్డ చోటుకూ మధ్య దూరం 34 సెంటీమీటర్లు. ఒక మిల్లీసెకనులో వేడి గాలిలో అంత దూరం పోలేదు, అదీ సంగతి. పౌనఃపున్యం తగ్గిస్తే సమయం పెరుగుతుంది గానీ దూరం కూడా పెరుగుతుంది. వేడి పాకడానికి పట్టే సమయం దూరపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి, నిదానమైన శబ్దంలో వేడి దాటడం ఇంకా కష్టం. పరీక్షలో పుస్తకంలో ఉన్నట్టే రాయండి, మార్కులు వస్తాయి. మనసులో ఇది ఉంచుకోండి.

తరంగం ఒక యానకం నుంచి ఇంకోదానిలోకి పోతే పౌనఃపున్యం మారదు. సరిహద్దు సెకనుకు 500 సార్లు ఊగితే అవతలి పక్కా 500 సార్లే ఊగుతుంది. ఎక్కువ తక్కువలు పోవడానికి మధ్యలో దాచుకునే చోటు లేదు. వేగం మారింది కాబట్టి తరంగదైర్ఘ్యం మారుతుంది. మన 69 సెంటీమీటర్ల శబ్దం నీళ్లలో దిగితే మూడు మీటర్లవుతుంది, ఉక్కు కడ్డీలో పది మీటర్లు. దిగడం కూడా అంత సులువు కాదు. గాలి నుంచి నేరుగా నీళ్ల మీద పడిన శబ్దశక్తిలో వెయ్యో వంతు మాత్రమే లోపలికి పోతుంది, మిగతాదంతా తిరిగి పైకే. చెరువులో మునిగి ఉంటే గట్టు మీద వాళ్లు ఎంత అరిచినా వినబడకపోవడానికి కారణం నీళ్లు శబ్దాన్ని మోయలేక కాదు, తలుపు దగ్గరే తిప్పి పంపడం.

కణాలు తరంగం పోయే దిక్కుకు అడ్డంగా ఊగితే తిర్యక్ తరంగం, ఆ దిక్కులోనే ముందుకు వెనక్కు ఊగితే అనుదైర్ఘ్య తరంగం. ఈ తేడా కూడా తిరగబడే గుణంతోనే తేలుతుంది. ముందుకు వెనక్కు నొక్కితే ఘనం, ద్రవం, వాయువు మూడూ తిరగబడతాయి, కాబట్టి అనుదైర్ఘ్య తరంగం మూడింటిలో పోతుంది. పొరను పక్కకు జరిపితే ఘనం మాత్రమే వెనక్కి లాక్కుంటుంది. నీళ్లు జారిపోతాయి, లాక్కోవు. లాక్కోనిది తిర్యక్ తరంగాన్ని లోపలినుంచి మోయలేదు.

భూకంపం ఈ రెండింటినీ ఒకేసారి వదులుతుంది. పి తరంగాలు అనుదైర్ఘ్యం, భూమి పైపొరలో సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు. ఎస్ తరంగాలు తిర్యక్, సుమారు మూడున్నర. 2024 డిసెంబరు 4 ఉదయం ఏడున్నర ప్రాంతంలో ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం మీకు గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్‌కు దూరం సుమారు 200 కిలోమీటర్లు అనుకుంటే, పి తరంగం 33 సెకన్లకు, ఎస్ తరంగం 57 సెకన్లకు చేరాలి. మధ్య ఎడం 24 సెకన్లు. నమోదు కేంద్రాలు దీన్నే తిరగేసి లెక్కిస్తాయి. ఎడం ఎన్ని సెకన్లో చూసి ఎనిమిదింపావు, ఎనిమిదిన్నరతో గుణిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. మూడు చోట్ల నుంచి దూరాలు తెలిస్తే కేంద్రం దొరుకుతుంది. భూమి నడిబొడ్డున ఒక పెద్ద గర్భం ఉందని 1906లో ఓల్డ్‌హామ్ అనే భూగర్భ శాస్త్రవేత్త తరంగాల రాకను బట్టే చెప్పాడు. దాని బయటి భాగం ద్రవమని చెప్పగలుగుతున్నది ఎస్ తరంగాలు అందులోంచి దాటవు కాబట్టే. ఎవరూ దిగి చూసింది లేదు.

సునామీలో తిరగబడేది స్థితిస్థాపకత కాదు, గురుత్వం. లేచిన నీటిని అది కిందికి లాగుతుంది. తరంగదైర్ఘ్యం లోతుకంటే ఎన్నో రెట్లు పెద్దదైతే వేగం = (గురుత్వ త్వరణం × లోతు) వర్గమూలం. ఇందులో నీటి సాంద్రత లేదు చూశారా? లాగేదీ బరువే, మొరాయించేదీ బరువే, రెండూ కొట్టుకుపోయాయి. 4,000 మీటర్ల లోతులో ఇది సెకనుకు 198 మీటర్లు, గంటకు 700 కిలోమీటర్ల పైన. 2004 డిసెంబరు 26 ఉదయం ఆరున్నరకు సుమత్రా దగ్గర భూమి కదిలితే, బంగాళాఖాతం దాటి మన తీరానికి అల తొమ్మిది గంటల ప్రాంతంలో చేరింది. భూమి కదిలిన సుమారు రెండు గంటల తర్వాత సముద్రం పైనుంచి దాటిన జేసన్-1 ఉపగ్రహం నడిసముద్రంలో కొలిచిన ఎత్తు 60 సెంటీమీటర్లు. నూరు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న అరవై సెంటీమీటర్లు! అక్కడ నీరు కదిలే వేగం సెకనుకు రెండు మూడు సెంటీమీటర్లు. లోతు నీటిలో ఉన్న పడవకు అది తెలియదు. ఒడ్డు దగ్గర లోతు 10 మీటర్లయితే వేగం గంటకు 36 కిలోమీటర్లకు పడిపోతుంది. ముందు భాగం నెమ్మదించింది, వెనకది ఇంకా వేగంగానే వస్తోంది. తరంగదైర్ఘ్యం కుదించుకుపోతుంది, ఎత్తు లేస్తుంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో 2007 నుంచి నడుస్తున్న సునామీ హెచ్చరిక కేంద్రం ఏ తీరానికి ఎప్పుడు చేరుతుందో చెప్పడానికి ఆధారం సముద్రపు లోతుల పటమే. లోతు తెలిస్తే వేగం తెలిసినట్టే, అల ఎంత పెద్దదో ఇంకా తేలకముందే.

కాంతి సంగతి మీరు అడగలేదు, ఒక్క మాటతో వదిలేస్తాను. దానికి యానకం అక్కర్లేదు. ఉండాలనుకున్న 'ఈథర్' కోసం మైకెల్‌సన్, మోర్లీ 1887లో వెతికితే జాడ దొరకలేదు. పై సూత్రాన్ని దానికి తగిలించకండి.

చివరిది, మీ రెండు పుస్తకాలు. రెండూ నిజమే. సన్నని కడ్డీని పొడవునా నొక్కితే పక్కలు కొంచెం ఉబ్బుతాయి. అలా ఉబ్బే వీలుంది కాబట్టి అది కొంత లొంగుతుంది. ఆ లొంగుబాటు లెక్కలో ఉన్న గుణకమే యంగ్ గుణకం, దానితో 5,050 వస్తుంది. అదే ఒక పెద్ద ఉక్కు దిమ్మ మధ్యలో తరంగం పోతుంటే, నొక్కుడుపడ్డ ముక్క పక్కకు ఉబ్బాలంటే చుట్టూ ఉక్కే ఉంది, చోటివ్వదు. లొంగే దారి మూసుకుపోయింది కాబట్టి ఆ ముక్క ఇంకా బిరుసుగా తిరగబడుతుంది. వేగం 5,900కు పోతుంది. ఎప్పుడు ఏది వాడాలో తెలియాలంటే తరంగదైర్ఘ్యాన్ని వస్తువు మందంతో పోల్చండి. సుత్తి దెబ్బ లాంటి శబ్దానికి ఉక్కులో తరంగదైర్ఘ్యం మీటర్లలో ఉంటుంది, దాని ముందు రైలు పట్టా మందం ఎంత? అది సన్నని కడ్డీయే, 5,050. మీ పరీక్షలో "పట్టా మీద సుత్తితో కొడితే" అని మొదలయ్యే లెక్కలన్నీ ఈ కోవవే.

అదే పట్టాలో పగుళ్లు వెతకడానికి రైల్వేవాళ్లు అల్ట్రాసోనిక్ యంత్రం తోసుకుపోతుంటారు. అందులో ధ్వని 20 లక్షల హెర్ట్జ్ అనుకుంటే తరంగదైర్ఘ్యం మూడు మిల్లీమీటర్లే, దానికి పట్టా పెద్ద దిమ్మ కింద లెక్క. అక్కడ 5,900 వాడాలి. మీటరుకు 60 కిలోలుండే పట్టా ఎత్తు 172 మిల్లీమీటర్లు, పైనుంచి పంపిన ధ్వని అడుగున తగిలి తిరిగి రావడానికి 58 మైక్రోసెకన్లు పడుతుంది. ప్రతిధ్వని 30 మైక్రోసెకన్లకే వచ్చేసిందంటే, పైనుంచి 88 మిల్లీమీటర్ల దగ్గర ఏదో అడ్డుందన్నమాట. పొరపాటున 5,050 పెట్టి లెక్కిస్తే అది 76 అని తేలుతుంది. వేసి చూసుకోండి.